ఐదో పంచు

పోయిన వారం కుకునూరుపల్లి చావడిలో మంచం మీద ఒక రుమాలును కూర్చోబెట్టి వదిలేశాను. ఆ రుమాలు సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటల్లో మళ్లీ చెబుతాను. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. ఎన్నిసార్లు చెప్పినా సిగ్గు తీరే సంగతి కాదిది.

బుచ్చవ్వ మొగుడు తవ్వించిన బావి ఒకటి, ఆ బావి కింద మూడెకరాల తరి పొలం. మొగుడు పోయిన రెండేళ్లకు ఊరి పట్వారీ భూపతిరావు ఆ బావి తన నంబరులో ఉందన్నాడు. నంబర్లు రాసే కలం ఆయన చేతిలోనే ఉంటుంది కనుక అలా అనడానికి ఆయన పెద్దగా కష్టపడలేదు. బుచ్చవ్వ సిద్దిపేట వచ్చి మా వకీలు అమీనుద్దీన్ సాబు గుమ్మం ఎక్కింది. దావా పడింది. మున్సిఫు సాబుకు బావులన్నా భూములన్నా విసుగు. ఇరువైపులా ఒప్పించి తగువును ఐదుగురు పంచుల, అంటే తీర్పరుల నెత్తిన పెట్టాడు. ఐదుగురూ ఒక్కచోట కూర్చుని, విని, ఫైసలా చెప్పాలని ఆయన హుకుం. బుచ్చవ్వ ఇద్దరి పేర్లు చెప్పింది, పట్వారీ ఇద్దరి పేర్లు చెప్పాడు. ఐదోవాడు ఎవరి మనిషీ కాని, దూరపు ఊరివాడైన వేములఘాట్ దుబ్బయ్య.

ఉగాది తర్వాత వచ్చిన బుధవారం పంచాయితీ. నలుగురే వచ్చారు. దుబ్బయ్యకు జ్వరమని చెప్పి పట్వారీ, ఆయన తలకు చుట్టుకునే రుమాలంటూ ఒకటి తెచ్చి ఐదో జాగాలో పెట్టాడు. పెద్దమనిషి రాలేకపోతే రుమాలు పంపడం మా దిక్కు ఉన్న ఆచారమే. మర్యాద కోసం అది కూర్చుంటుంది, అంతవరకే. భూపతిరావు దాన్ని మాట్లాడించాడు. ఇద్దరు పంచులు బావి బుచ్చవ్వదన్నారు, ఇద్దరు పట్వారీదన్నారు. అప్పుడు ఆయన లేచి, రుమాలు ఇచ్చేటప్పుడు దుబ్బయ్య తన మనసులో మాట కూడా చెప్పాడనీ, బావి పట్వారీదేనన్నాడనీ అన్నాడు. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు అయ్యారు. మూరెడు గుడ్డ ఒక ఆడమనిషి బావిని గుంజుకుంది. చావడిలో ఎవరూ నవ్వలేదు.

నేను అక్కడే ఉన్నాను. పేరు సిద్ధయ్య, ఇరవై నాలుగేళ్లుగా అమీనుద్దీన్ సాబు మున్షీని, అంటే గుమాస్తాను. ఆమెకు తోడుగా సాబే నన్ను పంపాడు. ఆ రోజు నేనేం చేశానో పోయిన వారం మీకు చెప్పకుండా దాటేశాను. ఇక దాటడానికి వీల్లేదు, ఎందుకంటే అది నిండు అదాలత్‌లో బయటపడింది.

ఖుర్దాద్, అంటే ఏప్రిల్ నెల ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మా అదాలత్ ఒక పాత పత్తి గోదాములో కిరాయికి నడిచేది. కిటికీలు లేవు. గోడల సందుల్లో ఇంకా దూది పీచులు ఎగురుతుండేవి. న్యాయం కోసం వచ్చినవాళ్లు తుమ్ములతో ఇంటికి పోయేవారు.

పొద్దున్నే వసారాలో సాబు బుచ్చవ్వను కూర్చోబెట్టి చెప్పాడు.

"బుచ్చవ్వా, ఇయ్యాల మనం ఓడిపోతం."

"గట్లయితే నన్నెందుకు పిలిస్తిరి సాబ్? ఎడ్లను పక్కింటోళ్లకు అప్పజెప్పి, పొద్దు పొడవకముందు నడ్సుకుంట వస్తి."

"గెల్వనీకి కాదు. ఒక్క ముచ్చట రాయించనీకి వచ్చినం. ఐదుగురు కూసోవాల్నని హుకుం అయితే నలుగురే కూసున్నరు, గది మేం ఒప్పుకుంటలేం అని మిసిల్ల ఎక్కాలె. గా మాట ఎక్కితే నేను మురాఫా జేస్త. ఎక్కకపోతే నాతోని ఏం గాదు."

మిసిల్ అంటే దావా కాగితాల కట్ట. మురాఫా అంటే పై అదాలత్‌కు చేసుకునే అప్పీలు. ఈ రెండింటి మధ్య బుచ్చవ్వ బావి వేలాడుతోంది.

"నలుగురే కూసున్నరని ఊరంత జూసింది గద సాబ్."

"పైన కూసున్నోళ్లు ఊరిని జూడరు. నీ మొఖం జూడరు, నా మొఖం జూడరు. కాయిదం జూస్తరు. కాయిదంల లేని మాట నువ్వు అననట్టే."

"దేవునికి తెల్సు."

"దేవుని దస్తఖతు మిసిల్ల నడ్వదు, బుచ్చవ్వా."

సాబుకు అరవై దాటాయి. షేర్వానీ మోచేతుల దగ్గర వేరే రంగు గుడ్డతో మాసికలు. గట్టిగా మాట్లాడితే దగ్గు వస్తుంది. ఇలాంటి మనిషిని నమ్ముకుని వచ్చిందే అని ఆమె మీద జాలిపడ్డాను. నాలాంటి మున్షీలకు జాలిపడటం బాగా చేతనవుతుంది.

పదిన్నరకు మున్సిఫు వచ్చాడు. హైదరాబాద్ మనిషి. తెలుగు రాదు, నేర్చుకోవాలనీ లేదు. మా మాటలు మిసిల్ రాసే పేష్కార్ నిస్సార్ ఉర్దూలోకి మార్చి చెబితే, వాటిని కలం వెనకతట్టుతో చెవి గోక్కుంటూ వింటాడు. నిస్సార్ మార్చడంలో సగం మాటలు ఎగిరిపోతాయి. మిగిలిన సగంలో ఎన్ని మున్సిఫు చెవిలోకి వెళ్తాయో ఆ కలానికే తెలియాలి. వాళ్లు ఉర్దూలో అన్నవి మీకు తెలుగులో చెబుతున్నాను.

పట్వారీ తరఫున హైదరాబాద్ నుంచి కొత్త వకీలు దిగాడు. అత్తరు వాసన మనిషికన్నా ముందే లోపలికి వచ్చింది. పంచుల ఫైసలాను అదాలత్ ఫైసలాగా ఖాయం చేయమని ఆయన అడిగాడు. ఆ రుమాలును కూడా మడత పెట్టి, కుంకుమ బొట్టు పెట్టిన పళ్లెంలో బల్ల మీద ఉంచాడు. దానికి తాంబూలం ఒక్కటే తక్కువ.

మా సాబు లేచాడు. "హుజూర్, నాకు ఉజ్రు ఉంది."

ఉజ్రు అంటే అభ్యంతరం. మున్సిఫు చెయ్యి ఊపాడు. "రాసుకో నిస్సార్. వకీలుకు ఉజ్రు ఉందట."

నిస్సార్ గీకాడు. మరో వకీలయితే సలాం చేసి కూర్చునేవాడు. సాబు కూర్చోలేదు. "ఏం రాశారో చదివి వినిపించమనండి."

నిస్సార్ పళ్లికిలించి చదివాడు. "దావా వేసినామె వకీలు ఉజ్రు తెలిపినారు."

"ఏమని తెలిపినాను?"

"ఉజ్రు అంటే ఉజ్రే కదా సాబ్."

"కాదు. ఎండగా ఉందని ఉజ్రా, కుర్చీ విరిగిందని ఉజ్రా? పైన చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది? రాయండి. హుకుంలో ఐదుగురు పంచులు. కూర్చున్నది నలుగురు. ఐదో జాగాలో ఉన్నది గుడ్డ. ఆ గుడ్డ మాటతో ఫైసలా అయింది. ఇది మాకు సమ్మతం కాదు. ఇంత రాయండి."

మున్సిఫు చెవిలోంచి కలం తీశాడు. "నలుగురైతే ఏం, ఐదుగురైతే ఏం అమీనుద్దీన్ సాబ్? ఒకడు తగ్గితే నిజం తగ్గుతుందా?"

"నలుగురు చాలనుకుంటే తమరు నలుగురనే రాసేవారు హుజూర్. తగువు రెండు రెండుగా చీలితే తేల్చడానికే ఐదోవాడు. సరిగ్గా అట్లాగే చీలింది. తేల్చినవాడికి నోరు లేదు, చెవులు లేవు. ఆమె చెప్పుకున్నది ఒక్క మాట వినలేదు."

అత్తరు వకీలు ఒంటికాలి మీద లేచాడు. దుర్మార్గుడే కానీ తెలివైనవాడు. "ఈ మాట ఆ రోజు ఎందుకు అనలేదు? పొద్దంతా ఆ చావడిలోనే కూర్చుంది. రుమాలు ఎదురుగానే ఉంది. ఒక్కరిని కూడా వద్దనలేదు. ఫైసలా తనకు వ్యతిరేకమయ్యాక నలుగురే అని గుర్తొచ్చింది. తను గెలిచి ఉంటే ఇవాళ ఈ రుమాలుకు దండం పెట్టేది. చెప్పాల్సినప్పుడు చెప్పని ఉజ్రు ఉజ్రు కాదు హుజూర్, ఒప్పుకోలు."

అందులో పస ఉంది. చట్టం కూడా అదే అంటుంది.

మున్సిఫుకు హుషారు వచ్చింది. బుచ్చవ్వను ముందుకు పిలిపించాడు. ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదని నిస్సార్ ద్వారా అడిగించాడు.

బుచ్చవ్వ నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఏదో దారి అడిగినట్టు చూసింది.

"గీ మున్షీ సాబే నోరెత్తకుమన్నడు," అంది. "పెద్దమనుషులను తప్పుబడితె వాళ్లకు కోపమొస్తది, ఉన్న మాట చెడ్తది, సప్పుడు జెయ్యక కూసో అన్నడు. చదువుకున్నోడు గదా అని కూసున్న."

గోదాము అంతా నవ్వింది. అత్తరు వకీలు నాకు వంగి సలాం కూడా చేశాడు. ఇదీ నేను దాచిన సంగతి. ఆ రోజు లేచి ఒక్క మాట అనాల్సినవాణ్ని నేను. ఇరవై నాలుగేళ్లు చట్టం పక్కన కూర్చున్నవాణ్ని. పట్వారీ ముందు లేవడానికి భయమేసి, ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టి, ఆమె నోరు కూడా నేనే మూశాను. పట్వారీని తిట్టే ముందు నన్ను తిట్టండి.

"అయితే ఒప్పుకున్నట్టే," అన్నాడు మున్సిఫు.

నిస్సార్ అది తెలుగులో చెప్పగానే బుచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. "ఎట్ల ఒప్పుకుంట? నేను ఆకు ఇయ్యలే గద."

"ఏం ఆకు?"

"ఆకు, వక్క. నలుగురికిచ్చిన. రుమాలుకు ఇయ్యలే. ఐదో ఆకు కొంగుల ముడేసుకొని ఇంటికి తెచ్చుకున్న."

సాబు గబుక్కున ఆమెవైపు తిరిగాడు. పంచాయితీ మొదలయ్యే ముందు తగువులోని ఇద్దరూ ఒక్కొక్క పంచు చేతిలో ఆకూ వక్కా పెడతారు. నువ్వు ఆకు ఇచ్చినవాడు నీకు పంచు. ఇవ్వనివాడు నీకు పంచు కాడు, వాడి మాట నీకు తగలదు. కోహెడ నుంచి వేములఘాట్ దాకా ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. కాగితం లేని ఊళ్లలో ఉజ్రు చెప్పే పద్ధతి అది. నేను నోరు మూయించిన మనిషి చేత్తో చెప్పి వచ్చింది. నేను పక్కనే కూర్చుని కూడా చూడలేదు, ఎందుకంటే ఆ సమయంలో పట్వారీ నాకు ఇచ్చిన ఆకుకు సున్నం రాసుకుంటున్నాను.

"ఆకులట!" అన్నాడు అత్తరు వకీలు. "హుజూర్, మేకల ముచ్చటా ఇది, అదాలతా?"

సాబుకు దగ్గు వచ్చింది. ఆపుకుని, గోడ పక్కన కూర్చున్న పంచులవైపు చెయ్యి చూపించాడు. ఫైసలా ఖాయం చేసే రోజు పంచులంతా హాజరు కావాలని అదాలతే నోటీసులు పంపింది. ఆ నలుగురిలో పట్వారీ మనిషి, మగ్గం నేసే పోశయ్య పేరు పిలిచాడు.

"పోశయ్యా, బుచ్చవ్వ నీకు ఆకు ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"రుమాలుకు?"

భూపతిరావు గొంతు సవరించుకున్నాడు. పోశయ్యకు అది వినపడలేదో, విన్నా అందులో తప్పేముందో తోచలేదో, లేచి నిలబడి అమాయకంగా చెప్పేశాడు. బావి గురించి అబద్ధం ఆడగలిగిన మనిషికి ఆకు గురించి అబద్ధం ఆడొచ్చన్న ఆలోచనే రాలేదు.

"ఇయ్యలే. నేనే అడిగిన, రుమాలుకు ఇయ్యవా అవ్వా అని. గుడ్డ ఆకు నములుతదా అన్నది. మేమంత నవ్వినం. పట్వారి దొర గూడ నవ్విండు."

"విన్నారా హుజూర్? పంచాయితీ మొదలుకాకముందే, నలుగురి ముందూ చెప్పింది. ఇంకెప్పుడు చెప్పాలి?"

మున్సిఫు ముఖం ముడుచుకుంది. "ఇదంతా రాయడం మొదలుపెడితే మిసిల్ గాడిద మోయాలి. రాయను. కూర్చోండి."

సాబు కూర్చోలేదు. షేర్వానీ లోపలి జేబులోంచి ఒక తెల్ల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "మంచిది. రాయను అన్నది తమరి హక్కు. మా ఉజ్రు ఇది, మున్సిఫు సాబు రాయడానికి ఒప్పుకోలేదు అని నేనే రాసి, ఈ రోజు తేదీ వేసి, పై అదాలత్‌కు రిజిస్ట్రీ టపాలో పంపుతాను. సిద్ధయ్యా, కలం ఇయ్యి."

నా కలం నేనే ఇచ్చాను.

మా మున్సిఫుకు పాపమంటే భయం లేదు. బుచ్చవ్వ బావి ఎండినా పండినా ఆయనకు నిద్ర పడుతుంది. పైనుంచి జవాబు అడుగుతూ వచ్చే కాగితమంటే మాత్రం ప్రాణం పోతుంది. సాబు కలం మొదటి ముక్క రాసేదాకా చూశాడు. రెండో ముక్క రాకముందే నిస్సార్ మీద విరుచుకుపడ్డాడు. "రాయవేం? చెవుడా నీకు? వకీలు సాబు చెప్పింది చెప్పినట్టు రాయి."

నిస్సార్ రాశాడు. హుకుంలో ఐదుగురు, కూర్చున్నది నలుగురు, ఐదో జాగాలో రుమాలు, దానికి ఆకు ఇవ్వలేదు, ఇవ్వలేదని పంచు పోశయ్య ఒప్పుకున్నాడు. సాబు చదివించాడు. ఒకచోట 'ఐదుగురు హాజరు' అని నిస్సార్ దూర్చిన మాటను కొట్టివేయించి, పక్కన సంతకం పెట్టించాడు. తర్వాత బుచ్చవ్వ వేలిముద్ర వేసింది. మసి అంటిన వేలిని చీర అంచుకు తుడుచుకుంటూ నన్నడిగింది.

"ఎక్కిందా అయ్యా?"

"ఎక్కిందమ్మా," అన్నాను.

మరొకరైతే అక్కడితో చాలనుకునేవారు. సాబు ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఇంకొక్కటే హుజూర్. పంచులు ఐదుగురికీ నోటీసులు పోయాయి. ఒక్కొక్కరినీ పిలిపించి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రాయించండి. జ్వరం తగ్గి ఉంటే దుబ్బయ్యనే అడుగుదాం."

అత్తరు వకీలు భుజాలు ఎగరేశాడు. ఆయనకు నిజంగానే ఏమీ తెలియదనుకుంటాను. భూపతిరావు మాత్రం తన వకీలు షేర్వానీ కొస పట్టుకుని గుంజాడు. అంతలోనే మున్సిఫు సరేనన్నాడు. ఈ ముసలాణ్ని తొందరగా వదిలించుకుంటే చాలనుకున్నట్టున్నాడు.

చప్రాసీ గుమ్మంలో నిలబడి కేకలు మొదలుపెట్టాడు. నలుగురూ హాజరన్నారు. ఐదో పేరు పిలిచాడు. "వేములఘాట్ దుబ్బయ్య హాజిర్ హై?" పలుకు లేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవగానే వసారా కింద ఎండలో కూర్చున్న ఒక ముసలామె మోకాళ్లు పట్టుకుని లేచింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన నోటీసు ఉంది.

"పొద్దటి సంది గీడనే ఉన్న బిడ్డా. గీ కాయిదం ఎవలకియ్యాల్నో చెప్పెటోడు లేడు."

ఆమెను లోపలికి తెచ్చారు. ఎవరని సాబు అడిగాడు.

"అంజవ్వను. దుబ్బయ్య పెండ్లాన్ని."

"ఆయన రాలేదా? ఇంకా జరమేనా?"

అంజవ్వ అందరి ముఖాలూ చూసింది. "జరమేంది? కాయిదం తెచ్చినోడు గూడ నా మాట ఇనకనే ఏలుముద్ర ఏయించుకొని పాయె. మా ముసలాయన ఉగాది నాడు పొద్దుగాలనే పానం ఇడిసిండు. దినాలు గూడ అయిపోయినయ్."

ఉగాది శనివారం. పంచాయితీ బుధవారం. చచ్చి నాలుగు రోజులైన మనిషి బుచ్చవ్వ బావిని పట్వారీకి రాసిచ్చాడు.

సాబు మెల్లగా పళ్లెంలోని రుమాలు చూపించాడు. "ఇది ఆయనదేనా, జూడు."

ఆమె దగ్గరికి వెళ్లింది. ముట్టుకోకుండానే చెప్పింది. "మాది గాదు. ఆయన రుమాలు ఆయన తలకే సుట్టి పంపినం."

"రాయండి హుజూర్," అన్నాడు సాబు. గొంతు పెద్దదయింది, దగ్గు రాలేదు. "ఈమె పేరు, ఈమె మాట, ఈ పూటే రాయండి."

"ఆమె దావాలో మనిషి కాదు! ఆమె మాట మిసిల్‌లోకి రాదు!" అత్తరు వకీలు అరిచాడు.

నేను మున్సిఫునే చూస్తున్నాను. పంచుల ఫైసలా దాఖలైన రోజు, ఐదుగురూ కూర్చున్నారని రాసి ఉన్న దాని మీద చదవకుండానే సంతకం పెట్టింది ఆయనే. ఆ సంతకం ఆయనకు ఇప్పుడు కనిపించినట్టుంది. "నిస్సార్, కలం కింద పెట్టు. అదాలత్ అయిపోయింది. మిసిల్ కట్టేయ్," అన్నాడు. మధ్యాహ్నం కూడా కాలేదు.

నిస్సార్ నాడా తీసి కట్ట చుట్టూ తిప్పాడు. అవతల భూపతిరావు అప్పుడే అంజవ్వ పక్కకు చేరి, చెవిలో ఏదో చెబుతూ ఆమెను గుమ్మంవైపు నడిపిస్తున్నాడు. ఆమె ఈ గడప దాటితే రేపు ఏం చెబుతుందో, అసలు చెప్పడానికి ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. సాబు హుజూర్ హుజూర్ అంటూనే ఉన్నాడు. మున్సిఫు టోపీ సర్దుకుంటున్నాడు.

బుచ్చవ్వ నడిచి వెళ్లింది. పంచుల పక్కనుంచి, నా పక్కనుంచి, ఎవరినీ అడక్కుండా మున్సిఫు బల్ల దాకా వెళ్లి, సగం కట్టిన మిసిల్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

ఇరవై నాలుగేళ్లలో ఆ పని చేసినవాళ్లను నేను చూడలేదు. దానికి జైలు తప్పదని ఆమెకు తెలుసో లేదో.

"చెయ్యి తీయమను," అన్నాడు మున్సిఫు.

నిస్సార్ చెప్పాడు.

"రాసినంక తీస్త," అంది బుచ్చవ్వ.

మున్సిఫు గుమ్మం దగ్గరున్న జవాన్లను కేకేశాడు.